కేస్లాపూర్ పొయ్యిల దగ్గర నా జర్మనీ వంటగది

మా ఇంట్లో పొయ్యి మీద గిన్నె లేని పూట నాకు గుర్తు లేదు. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లలో పెరిగినదాన్ని. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో పని చేస్తాడు. ఒక వారం పొద్దటి షిఫ్టు, ఒక వారం పగటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. మా వరుసలో ఇళ్లన్నిటిదీ అదే కథ. ఎవరు ఏ వేళకు ఆకలితో వస్తారో తెలియదు కాబట్టి, అవ్వ, అంటే మా అమ్మ, అన్నం వండి మూతపెట్టి పొయ్యి మీదే ఉంచేస్తుంది. బాపు వస్తాడు, ఒక్కోసారి భార్య పుట్టింటికి పోయిన పక్కింటాయన వస్తాడు. మూత తీస్తారు, వడ్డించుకుంటారు, తింటారు. ఎవరూ ఎవరినీ అడగరు. పొయ్యి మీద గిన్నె ఉందంటే అది ఎవరి కోసమో ఎదురుచూస్తోందని నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఇంత చిన్న విషయం ఒకరోజు నా చదువుకే ఎసరు పెడుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

జర్మనీలో చదవడానికి వెళ్లి ఏడాది దాటింది. ఒక ఫ్లాటులో ఐదుగురం విద్యార్థులం, అందరికీ ఒకటే వంటగది. వెళ్లిన కొత్తలో నాకు తెలిసిన మర్యాద నేను చేశాను. పప్పు, అన్నం కాస్త ఎక్కువ వండి, మూతపెట్టి, లైబ్రరీ నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం పొయ్యి మీదే ఉంచాను. మొదటి వారం ఎవరూ ముట్టలేదు. రెండో వారం గిన్నె కిటికీ గట్టు మీదికి చేరింది. మూడో వారం ఫ్రిజ్ మీద ఒక కాగితం వెలిసింది: "పొయ్యి సామాన్లు పెట్టుకునే చోటు కాదు, దయచేసి." ఆ "దయచేసి" దగ్గరే నాకు ఒళ్లు మండింది. రాసింది లీనా అని చేతిరాత చూస్తేనే తెలిసిపోయింది. ఫ్లాటులో అందరికంటే ముందు నుంచి ఉన్న పిల్ల, ఇంటి ఒప్పందం తన పేరు మీదే ఉంది. ఆ రోజు నుంచి నేను వండుకున్నది గదిలోకి తెచ్చుకుని, తలుపు వేసుకుని తినడం మొదలుపెట్టాను. తాలింపు పెడితే పొగ కనిపెట్టే డబ్బా అరుస్తుంది. ఆదివారం పాలు అయిపోతే సోమవారం దాకా నల్ల చాయే, దుకాణాలన్నీ బంద్. సీసా ఒక డబ్బాలో, కాగితం ఒక డబ్బాలో, తొక్కలు ఒక డబ్బాలో వేయాలి, తప్పు డబ్బాలో వేస్తే మెట్ల మీద ఎదురైన ముసలాయన పాఠం చెబుతాడు. ఇవన్నీ ఓర్చుకున్నాను గానీ నా అన్నం గిన్నెను ఎవరూ ముట్టకపోవడం మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

చిన్నాన్న కూతురి పెళ్లి మాఘమాసంలో పెట్టుకున్నారని ఈ ఏడు ఇంటికి వచ్చాను. వచ్చిన మూడో రోజే లీనా దగ్గర్నుంచి మెయిల్. నా గది గడువు మార్చితో అయిపోతోంది, ఉంటావా వదులుతావా, ఆదివారంలోగా చెప్పు, గది కోసం వేరేవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఆ ఊళ్లో గది దొరకడం ఎంత కష్టమో అక్కడ చదివిన వాళ్లనడగండి. నాకు తెలిసిన ఒకమ్మాయి నెలల తరబడి ఎవరిదో హాల్లో పరుపు వేసుకుని పడుకుంది. గది లేకపోతే చిరునామా లేదు, చిరునామా లేకపోతే వీసా పొడిగింపు లేదు, వీసా లేకపోతే చదువు లేదు. గది వదలడమంటే చదువు వదలడమే. అయినా నేను వదులుతున్నానని రెండు వాక్యాలు రాసి, పంపకుండా ఫోన్లో ఉంచుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పంపడానికి ధైర్యం చాలడం లేదు, తుడిచేయడానికి మనసు రావడం లేదు.

అలా ఉన్నప్పుడు సుమిత్ర ఫోన్ చేసింది. మంచిర్యాల హాస్టల్లో మూడేళ్లు నా పక్క మంచం తనది. "ఏమే మౌనీ, ఊరికొచ్చి ఇన్ని రోజులైతుందంట, ఒక్క ఫోన్ కొట్టలే? నేను యాదికే రాలేదా?" అని మొదలుపెట్టి, "గీ ఏడు నన్ను దేవునికి చూపెడుతరు. నువ్వు రాకుంటే నీతోని మాట్లాడ," అని ముగించింది. సుమిత్ర గోండుల పిల్ల. పోయినేడు మెస్రం వంశంలోకి కోడలుగా వెళ్లింది. ఆ వంశం వాళ్లది కేస్లాపూర్ నాగోబా జాతర. కొత్తగా వచ్చిన కోడళ్లను జాతరలో దేవుడికీ, వంశం పెద్దలకూ పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. అది అయిన తర్వాతే కోడలు పూర్తిగా వాళ్ల మనిషి అయినట్టు. తన భేటింగ్, పూజ జరిగే అమావాస్య రాత్రే ఉంటుందనీ, ఆ జనంలో నన్ను చూసుకోలేననీ, మర్నాడు పగలు రమ్మనీ చెప్పింది. మెయిల్ సంగతి ఒక్క రోజు మరిచిపోవచ్చు కదా అని బయల్దేరాను.

గోదావరిఖని నుంచి పొద్దున ఆరు గంటల బస్సులో మంచిర్యాల వెళ్లి, అక్కడ ఉట్నూర్ బస్సు ఎక్కాను. తెలంగాణలో ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ దాకా బస్సు ఉచితమే కదా. కండక్టరమ్మ వచ్చి కార్డు అడగ్గానే అలవాటుగా పర్సులోంచి కార్డు తీసి ఇచ్చాను. ఆవిడ అటు తిప్పి ఇటు తిప్పి, "గిదేందమ్మా, గీ దేశం కార్డు కాదా?" అంది. చూస్తే జర్మనీ వాళ్లిచ్చిన నివాస కార్డు. అక్కడ అడుగడుగునా దాన్నే చూపించి చూపించి చెయ్యి అలా మరిగిపోయింది. నాలుక కరుచుకుని ఆధార్ వెతికి ఇచ్చాను. "ఇప్పుడైతే మనూరి పిల్లవు," అని జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టింది. ఆ మాటకు బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు, నేనూ నవ్వాను గానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

లక్షెట్టిపేట దాటి జన్నారం వైపు సాగితే టేకు అడవి మొదలవుతుంది. జనవరి చివర కాబట్టి ఆకులు సగం రాలి, ఎండ నేల దాకా దిగుతోంది. నా పక్కన కూర్చున్న పెద్దాయన తెల్ల తలపాగా సర్దుకుంటూ ఒక చోట కిటికీలోంచి చెయ్యి చూపించి, "మా వాళ్లు గీ దిక్కుకే నడిచొస్తరు, గోదారి నీళ్లకు," అన్నాడు. నాగోబా పూజకు మెస్రం వాళ్లు జన్నారం దగ్గర గోదావరిలో నీళ్లు ముంచుకుని, ఊరూరా ఆగుతూ, చెప్పుల్లేని కాళ్లతో కేస్లాపూర్ దాకా మోసుకెళతారట. "బస్సులున్నయి కదా తాతా?" అని అడిగేశాను. ఆయన నన్ను చూసి నెమ్మదిగా నవ్వి, "బస్సు మనకు బిడ్డా. నీళ్లకు కాదు," అన్నాడు. మా క్వార్టర్లకు కూతవేటు దూరంలో పారేది కూడా ఆ గోదావరే. ఇన్నేళ్లు దాన్ని వంతెన మీంచి చూసి, ఎండాకాలం నీళ్లు తగ్గాయి, వానాకాలం పెరిగాయి అనుకోవడమే తప్ప, ఇన్ని రోజులు ఎత్తుకుని నడవాల్సిన నీళ్లని ఎప్పుడూ అనిపించలేదు. మిగతా దారంతా నేను కిటికీ బయటకే చూస్తూ కూర్చున్నాను.

ఉట్నూర్లో దిగేసరికి పదకొండు దాటింది. బస్టాండు ఎదుట పది రూపాయల చాయ్ తాగి, జాతరకు పోయే జీపు ఎక్కాను. మనిషికి యాభై. డ్రైవరు సలీం భాయ్ ఉట్నూర్ మనిషే, తెలుగు, ఉర్దూ కలిపి గడగడా మాట్లాడతాడు. నేను ఎక్కినప్పుడే జీపు నిండిందనుకున్నాను. అప్పటికి ఆయన లెక్కలో సగమే నిండిందట. "జర జరుగుండ్రమ్మా, ఇంకొకామె కూసుంటది," అంటూ ఇంకో ముగ్గురిని ఎక్కించాడు. నేను బయట చదువుతున్నానని తెలిసి, "ఆడ జీపుల ఎంతమందిని ఎక్కిస్తరు?" అని అడిగాడు. సీటుకొకరే అని చెప్పాను. "మరి ఎప్పుడు నిండాలె, ఎప్పుడు కదలాలె?" నిండకపోయినా టైముకు కదులుతుందన్నాను. సలీం భాయ్ గేరు మారుస్తూ, "ఖాళీ బండి నడుపుడంటే పరేషానే గద బేటీ, మాట్లాడనీకి గూడ ఎవరుండరు," అన్నాడు. ఏడాది పాటు నేను అనుభవించింది ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. ఇంద్రవెల్లి దాటాక ముత్నూర్ దగ్గర మలుపు తిరిగితే కేస్లాపూర్ దారి. జనం ఎక్కువై బండ్లను ముందే ఆపేశారు. చివర కొంత దూరం అందరితో పాటు దుమ్ములో నడిచాను.

నేను తిరునాళ్లు చూడని దాన్నేమీ కాదు. కానీ ఇక్కడ గుడి చుట్టూ తెల్ల బట్టలు, తెల్ల తలపాగాలు, నేల మీద ఎండ పరిచినట్టు ఉంది. డోళ్లు మోగుతున్నాయి, సన్నాయిలాంటి పేప్రే ఊదుతున్నారు. ఆ మోత చెవుల్లోకి కాదు, కాళ్లలోంచి ఎక్కుతోంది. అంత జనంలో సుమిత్రే నన్ను పట్టుకుంది. తెల్లచీర కట్టుకుని, నిద్రలేక ఎర్రబడిన కళ్లతో వెలిగిపోతోంది. "చూపెట్టిన్రే నన్ను," అంది చిన్న పిల్లలా. "తలమీద ముసుగేసి తీస్కపోయిన్రు. దేవుని ముందర కూసున్న, పెద్దోళ్ల కాళ్లు మొక్కిన. ఇగ నేను గీ ఇంటిదాన్ని." నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కొత్త ఇంట్లోకి వచ్చినదాన్ని ఇంతమంది కలిసి, మేళం పెట్టి, దేవుడి ముందు నిలబెట్టి "ఈమె మనది" అని చెప్పడం! నా ఫ్లాటులో మొదటి రోజు నాకు తాళంచెవి ఇచ్చి, చెత్త డబ్బాల రంగులు చెప్పారు. పోలిక పెట్టకూడదని తెలుసు, అయినా పెట్టుకున్నాను.

సుమిత్ర నన్ను గోవాడ దగ్గరికి తీసుకెళ్లింది. జాతరకు వచ్చిన మెస్రం కుటుంబాలు బస చేసే ప్రాకారం అది. నన్ను గడప దగ్గరే నిలబెట్టి లోపలికి చూడమంది. గోడ పొడవునా వరసగా కట్టెల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెలు, పొగ, ఆ పొగలో ఆడవాళ్లు. "ఎన్ని పొయ్యిలున్నయో చెప్పు," అంది. చెప్పలేకపోయాను. "ఇరవై రెండు. ఎన్ని వందల ఇండ్లోళ్లొచ్చినా గంతే. ఇరవై మూడోది ఎవరు పెట్టరు. వంతులల్ల వండుకుంటరు." నాకు వెంటనే నమ్మబుద్ధి కాలేదు. ఐదుగురికి నాలుగు పొయ్యిలున్న వంటగదిలో కాగితాలు అతికించుకునే చోటు నుంచి వచ్చినదాన్ని మరి. లోపల ఎవరూ అరవడం లేదు, ఎవరూ పేర్లు పిలవడం లేదు, గోడ మీద వంతుల కాగితం కూడా లేదు. వండుతున్న ఒక్కొక్కరి వెనక, బియ్యం కడిగి, గిన్నె చంకన పెట్టుకుని ఇంకొకరు నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే సుమిత్ర మోచేత్తో పొడిచింది.

గడపకు దగ్గరగా ఉన్న పొయ్యి దగ్గర సుమిత్ర అత్త గంగుబాయి పప్పు వండుతోంది. ఉడకగానే గిన్నె దించి పక్కన పెట్టేసింది. తర్వాత ఆవిడ చేసిన పని నుంచి నేను చూపు తిప్పుకోలేకపోయాను. దించి వెళ్లిపోలేదు. పుల్లతో నిప్పులన్నీ దగ్గరికి లాగి, కాలీకాలని కట్టెల్ని లోపలికి తోసి, తన దగ్గరున్న కొత్త కట్టె ఒకటి పెట్టి, మంట లేచేదాకా ఊదింది. మంట పట్టాక లేచి జరిగింది. వెనక నిలబడ్డ ఆవిడ తన గిన్నె ఎక్కించింది. ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకోలేదు.

గంగుబాయి బయటికి రాగానే "రాం రాం" అని పలకరించి, ఆగలేక అడిగేశాను. "అవ్వా, ఆమె మీ చుట్టమా?"

"ఎవలో బిడ్డా. మా మెస్రమోళ్లే. ఏ ఊరో నాకెర్కలే."

"మరి మీ కట్టె పెట్టి, మంట గూడ చేసిచ్చిండ్రు కదా?"

"నా ముందరామె నాకు చేసిచ్చింది గద," అంది, అందులో అడగడానికేముందన్నట్టు.

"పప్పు ఆడనే ఉంటే వేడిగ ఉండేది కదా అవ్వా. ఎవరన్న ఆకలిగొన్నోళ్లు తినేటోళ్లు." ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. గంగుబాయి మాత్రం నన్ను వింతగా చూసింది.

"గిన్నె ఆడ్నే పెడితే పాపం ఆమె దేని మీద వండాలె? పొయ్యి మీదినుంచి దించి, మనుసులకు పెట్టాలె గాని."

సుమిత్ర అప్పటికే వేరే మాటల్లో పడింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మా క్వార్టర్లో పొయ్యి మా ఒక్కరిదే. అవ్వ గిన్నె ఎంతసేపున్నా ఎవరి వంటా ఆగదు. కాబట్టి మా ఇంట్లో ప్రేమ అంటే పొయ్యి మీద గిన్నె. పది మందికి ఒకటే పొయ్యి అయిన చోట ప్రేమ అంటే ఖాళీ చేసిన పొయ్యి, దాని కింద మంట. రెండూ తర్వాత వచ్చేవాళ్ల ఆకలి గురించే. నా అన్నాన్ని ఫ్లాటులో వాళ్లు కాదనలేదు, అది తమ కోసమని వాళ్లకు తెలియనే లేదు. ఎవరో తెలియని మనిషి కోసం ఎవరో తెలియని మనిషి ఊదిన మంట, ఎన్ని తరాల నుంచో అలా పొయ్యి పొయ్యికీ అందుతూనే ఉంది. అది కళ్లముందు చూస్తుంటే నా ఏడాది కోపం ఎంత చిన్నదో అనిపించి, గడప దగ్గర నిలబడే ఏడ్చాను. సుమిత్ర పొగ వల్ల అనుకుంది, నేనూ అదే చెప్పాను.

"తిన్నవా బిడ్డా?" అంది గంగుబాయి. "తిన్నానవ్వా," అనేశాను. పొద్దున్నుంచి ఒక చాయ్ తప్ప నా కడుపులో ఏమీ లేదు. కానీ పరాయి చోట ఎవరు తిన్నావా అన్నా తిన్నాననడం ఈ ఏడాదిలో నాకు అలవాటైపోయింది. అడిగినవాళ్లకు ఇబ్బంది ఉండదు, మనకు జవాబు చెప్పే పని తప్పుతుంది. గంగుబాయి నా మాట విననట్టే పళ్లెంలో జొన్నరొట్టె, పప్పు పెట్టి నా చేతిలో ఉంచి, ఎదురుగా కూర్చుంది. పప్పులో పొగ వాసన, ఘాటైన మిరపకాయ. నేను రెండో రొట్టె అడిగి తిన్నాను. అడగ్గానే ఆవిడ ముఖం ఎంత వికసించిందో చెప్పలేను.

మూడింటికి బయల్దేరి, సలీం భాయ్ జీపులోనే ఉట్నూర్ వచ్చాను. ఈసారి జరుగుండ్రని ఆయన చెప్పకముందే నేను జరిగాను. జాతరలో జనం ఎక్కువై పొద్దున్నుంచి ఫోను మూగబోయింది. ఉట్నూర్ బస్టాండులో సిగ్నల్ రాగానే లీనా మెయిల్ మళ్లీ పైకొచ్చింది. మంచిర్యాల బస్సు కదిలేలోపు నా రెండు వాక్యాలు తుడిచేసి, కొత్తవి రాశాను. గది ఉంచుకుంటున్నాను. పొయ్యి మీద గిన్నె పెట్టేది మీ కోసం, మా ఇంట్లో అలా చేస్తాం, ఇక నుంచి టేబుల్ మీద పెడతాను, వచ్చి తినండి. జన్నారం అడవి దాటుతుండగా జవాబు వచ్చింది: "మా కోసమా? నువ్వు మరిచిపోయి వదిలేస్తున్నావని అనుకున్నాం." ఏడాది పాటు ఐదుగురం ఒకే గోడల మధ్య ఉండి, ఒక్కరం కూడా నోరు తెరిచి అడగలేదు.

పెళ్లి చూసుకుని తిరిగి వచ్చి ఇది ఆ వంటగదిలోనే కూర్చుని రాస్తున్నాను. అంతా మారిపోయిందని చెబితే అబద్ధం. ఆదివారం దుకాణాలు ఇంకా బందే, పొగ డబ్బా ఇంకా అరుస్తూనే ఉంది, నిన్న సీసా మూత తప్పు డబ్బాలో వేశానని మళ్లీ పాఠం విన్నాను. లీనా కాగితాలు అతికించడం మానలేదు, నాకు వాటిని చూస్తే ఒళ్లు మండడమూ మానలేదు. కానీ ఇక్కడి కరెంటు పొయ్యికి ఒక గుణం ఉంది. ఆపేసిన తర్వాత కూడా వేడి తగ్గేదాకా ఒక ఎర్రచుక్క వెలుగుతూ ఉంటుంది. ఇంతకాలం దాన్ని ముట్టుకోవద్దనే హెచ్చరికగానే చూశాను. ఈ సాయంత్రం అన్నం దించి, టేబుల్ మీద పెట్టి, పొయ్యి తుడిచి పక్కకు జరిగేసరికి లీనా తన గిన్నెతో వచ్చింది. ఎర్రచుక్క చూసి సరిగ్గా ఆ వేడి మీదే గిన్నె ఎక్కించింది. ఎక్కడో కేస్లాపూర్‌లో ఊదిన మంట ఇక్కడిదాకా వచ్చినట్టు నాకు అనిపించింది. తిన్నావా అని అడిగాను. తిన్నానంది, చేతిలో ఉడకని నూడుల్స్ పట్టుకుని. ఆ మాట నాకు బాగా తెలుసు. నేను విననట్టే ఒక పళ్లెంలో అన్నం, పప్పు పెట్టి తన చేతిలో ఉంచి, ఎదురుగా కూర్చున్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. జాతర పుష్య అమావాస్యకు మొదలవుతుంది, తేదీ ఏటా మారుతుంది కాబట్టి ముందే కనుక్కోండి, మంచిర్యాల నుంచి పొద్దున్నే బయల్దేరితే రాత్రికల్లా తిరిగి రావచ్చు. గోవాడ దగ్గర ఎవరైనా మిమ్మల్ని తిన్నవా అని అడిగితే మాత్రం, కడుపు నిండా తిని ఉన్నా సరే, లేదనే చెప్పండి.